ముడి విప్పిన చెయ్యి

మారెప్ప కుడి మణికట్టు వంకర. ఆ చేత్తో టీ గ్లాసు పట్టుకుంటే సగం టీ పంచె మీదే పడుతుంది. కొత్తవాళ్ళెవరైనా అడిగితే బండి చక్రం కింద పడిందని చెబుతాడు. అది అబద్ధం. ఆ చెయ్యి విరిచింది సొంత తమ్ముడు చిన్నరంగప్ప. పట్టపగలు, నలభై మంది చూస్తుండగా, పద్ధతి ప్రకారం విరిచాడు. ఆ పద్ధతిని ఊరందరికన్నా గట్టిగా పట్టుకుని వేలాడినవాడు మారెప్పే కాబట్టి, తర్వాత ఎవరినీ తిట్టుకునే వీలు కూడా లేకపోయింది పాపం.

నాగలమడికకు రెండు మైళ్ళ దూరంలో, పినాకిని ఇసుక పక్కన వాళ్ళ ఊరు. పేరుకే ఏరు గానీ నీళ్ళు కనపడ్డ ఏడు తక్కువ. ఊరు కర్ణాటకది, మాట తెలుగు, కాగితాలు కన్నడం, ఎటు నడిచినా కాసేపటికి ఆంధ్ర. అందరూ వేరుశనగే వేస్తారు. అది పీకే రోజులు ఎన్నో, ఆ ఏడు కూలివాళ్ళకు పని దొరికే రోజులు అన్ని. మిగతా నెలలు గోళ్ళు గిల్లుకోవడమే.

ఎనభై ఐదులో తుమకూరు నుంచి ఒక ఆఫీసరు పావగడ వచ్చి బస్టాండు దగ్గర మైకులో మాట్లాడాడు. రాష్ట్రంలో నూనెగింజల పంట పెరుగుతోందట, ఫ్యాక్టరీలు వస్తాయట, ఐదేళ్ళలో ఇంటికొక ఉద్యోగమట. మారెప్ప ముందు వరసలో నిలబడి అంతా విని, చెయ్యెత్తాడు.

"యా కార్తెలో సార్?" అన్నాడు.

జనం పడీపడీ నవ్వారు. ఆఫీసరుకు ఏమీ అర్థం కాలేదు. మారెప్ప మాత్రం ఎగతాళికి అడగలేదు. పని సంగతి కార్తె చూసి చెప్పేవాడు అతడు. చిత్త కార్తె రాగానే చేనిలో దిగి మూడు చెట్లు పీకుతాడు. ఒకటి గట్టు పక్కది, ఒకటి నడిమిది, ఒకటి పల్లంలోది. కాయ చితక్కొట్టి పొట్టు లోపల చూస్తాడు. లోపల నల్లబారి ఉంటేనే కాయ కింద లెక్క, తెల్లగా ఉంటే పారేస్తాడు. మూడు చెట్ల మీద సరాసరి తీసి, ఈ ఏడు ఇన్ని రోజుల పని అని అక్కడే చెప్పేస్తాడు. పదేళ్ళలో ఒక రోజు అటూ ఇటూ తప్ప ఆ మాట తప్పింది లేదు. అందుకే ఊళ్ళో ఇరవై మంది ఆడామగా అతణ్ణి మేస్త్రిగా పెట్టుకుని వెంట నడిచారు.

వాళ్ళకు పెద్ద దిక్కు పావగడ బజారులో అంగడి ఉన్న నరసింహయ్య చేను, నలభై ఎకరాలు. నరసింహయ్య ఊళ్ళోకి వచ్చేదే లేదు. చేను చూసేది, పని ఇచ్చేది, కాయ కొలిచేది గంగాధరప్ప. చెట్టు పీకి కాయ కోసి కుప్ప పోస్తే, పది డబ్బాలకు ఒక డబ్బా కూలివాళ్ళది. ముత్తాతల నాటి కొలత అది.

ఇంకొక పద్ధతి కూడా ఉంది. పని మాట్లాడుకున్న మేస్త్రి చేని ఈశాన్యం మూలలో ఒక కానుగ కట్టె పాతి, దానికి ఒక వేరుశనగ చెట్టును తన రుమాలు పీలికతో ముడి వేస్తాడు. ముడి ఉన్న చేనిలో ఇంకొక గుంపు దిగకూడదు. పని మొదలయ్యే పొద్దున ముడి వేసినవాడే విప్పుతాడు, గుంపు దిగుతుంది. ఆ గుంపును దించడానికి కాకుండా ముడి ఎవరు విప్పినా, ఎవరు తెంపినా, వేసినవాడే అయినా సరే, ఆ చెయ్యి విరగ్గొట్టాలి. విరగ్గొట్టాక పగ లేదు, చేను అందరిదీ, ఏ గుంపైనా దిగొచ్చు. పెద్దవాళ్ళు ఈ మాట కథలా చెప్పేవాళ్ళు. నిజంగా మొదట విరిచినవాడు మారెప్పే.

ఆ ఏడు వాన మొహం చాటేసింది. మారెప్ప మూడు చెట్లు పీకితే చెట్టుకు ఆరు కాయలు తేలాయి.

"పదకొండు దినాలు" అన్నాడు. "అంతే. ఆశలు పెట్టుకోవాకండి."

పదకొండు రోజుల పనితో ఇరవై మంది ఏడాది బతకాలి. మారెప్ప ముడి వేశాడు. సోమవారం దిగమన్నాడు గంగాధరప్ప. సోమవారం పొద్దున ఎండ ఎక్కకముందే వీళ్ళు చేని దగ్గరికి పోయేసరికి, అప్పటికే ముప్పై మంది చేనిలో వంగి పీకుతున్నారు. రాత్రి వెన్నెల్లోనే దిగారట, ఐదెకరాలు అయిపోయింది. సరిహద్దు అవతలి ఊరివాళ్ళు. వాళ్ళ మేస్త్రి బొమ్మన్న, సన్నగా పొడుగ్గా ఉంటాడు, నెమ్మదైన మనిషి. పద్నాలుగు డబ్బాలకు ఒక డబ్బా చాలన్నారట. గంగాధరప్ప బండి మీద కూర్చుని వక్క నములుతున్నాడు.

మారెప్ప మూలకు పరిగెత్తాడు. ముడి లేదు. అతని కళ్ళు ముడి కోసమే వెతికాయి. కట్టె కూడా లేదని, కట్టె ఉన్న చోట చిన్న గుంత మాత్రం ఉందని చూశాడు గానీ, ఆ మాట బుర్రకు ఎక్కలేదు. కోపం వస్తే వాడికి ముందూ వెనకా కనపడదు. చిన్నప్పటి నుంచీ అంతే.

"ముడి యాడరా?" అని అడిగాడు బొమ్మన్నను.

"యా ముడప్పా? మేం వచ్చేటప్పటికి ఈడ ఏం లేదు."

"ముడి విప్పి చేనిలో దిగి, ఏం లేదంటావా?"

"మా ఊళ్ళోనూ ఈ పద్ధతే ఉండాది. ముడి చూస్తే ముట్టుకుంటామా? నా బిడ్డల మీద ఒట్టు."

మారెప్ప ఆ ఒట్టు వినలేదు. గుద్దలి తిప్పి, వెనకవైపుతో బొమ్మన్న మోకాలి మీద కొట్టాడు. బొమ్మన్న పడ్డాడు. అంతటితో రెండు గుంపులూ కలబడ్డాయి. గుద్దళ్ళు, రాళ్ళు, పీకిన చెట్లే కొరడాలు. ఆడవాళ్ళు జుట్లు పట్టుకున్నారు. మారెప్ప పెండ్లాం నాగక్క తల మీద రాయి పడి, రక్తం కంట్లోకి కారుతుంటే కొంగుతో తుడుచుకుంటూ ఇంకొకామెను గుద్దుతూనే ఉంది. చిన్నరంగప్పకు రెండు పళ్ళు ఊడాయి. ఒక ముసలాయన పక్కటెముకలు విరిగి, ఊపిరందక సాళ్ళ మధ్య కొట్టుకున్నాడు. కోసిన కాయంతా కాళ్ళ కింద నలిగింది.

మారెప్ప బొమ్మన్నను గట్టు దగ్గరికి ఈడ్చాడు. కుడి చెయ్యి లాగి గట్టు రాయి మీద పెట్టాడు. తమ్ముణ్ణి పిలిచి మోచెయ్యి తొక్కిపట్టమన్నాడు. "నేను విప్పలేదప్పా, నేను విప్పలేదు" అంటూనే ఉన్నాడు బొమ్మన్న. రెండు దెబ్బలు వేశాడు మారెప్ప. మొదటి దెబ్బకే ఎముక విరిగిన చప్పుడు వినపడింది. రెండోది కోపంతో వేసింది. ఆ రెండో దెబ్బ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ మారెప్పకు అన్నం దిగదు.

కేసు కూడా కాలేదు. దెబ్బలు తిన్నవాడు మా రాష్ట్రం వాడు కాదన్నారు ఇవతలి పోలీసులు. దెబ్బలు తగిలిన జాగా మా రాష్ట్రంలో లేదన్నారు అవతలి వాళ్ళు. బొమ్మన్న మనుషులు అతణ్ణి మోసుకుని వెళ్ళిపోతే, మిగిలిన చేను మారెప్ప గుంపే పీకింది. నలిగింది నలగ్గా పని తొమ్మిది రోజులే వచ్చింది. లెక్క తప్పింది మొదటిసారి.

తర్వాత రెండేళ్ళు చుక్క లేదు. చిత్త కార్తెలో మారెప్ప పీకడానికి చెట్టే లేదు. కరువు పని కింద రోడ్డుకు కంకర కొట్టించారు. అక్కడ అరవై సుత్తులుంటే రెండు వందల మంది నిలబడేవాళ్ళు. సుత్తి దొరికినవాడికి పని, లేనివాడికి ఎండ. ఒక పొద్దున సుత్తి కోసం మారెప్ప పక్కింటి నారప్ప చెవి మీద కొట్టాడు. నారప్పకు ఆ చెవి ఇంక వినపడలేదు. సాయంత్రం కూలి తెచ్చుకుని ఇద్దరూ ఒకే దారిన, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా ఇంటికొచ్చారు. మారెప్పకు సిగ్గేసింది, కానీ మర్నాడు కూడా సుత్తి కోసం మోచేతులతో పొడుచుకుంటూనే ముందుకు పోయాడు.

ఆ పని కూడా ఆగిపోయాక గుంపు చెదిరిపోయింది. చిన్నరంగప్ప బెంగళూరుకు పోయి, కట్టే మేడల మీదికి సిమెంటు మోశాడు.

ఎనభై ఎనిమిదిలో పునర్వసులో పడ్డ వాన మళ్ళీ మళ్ళీ పడింది. చిత్తలో మారెప్ప మూడు చెట్లు పీకాడు. కాయలు చితక్కొట్టి ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టాడు. చెట్టుకు ఇరవై ఆరు, అన్నీ నల్లబారినవే. యాభై దినాలు అని చెప్పి పంపాడు. ఆ ఒక్క మాట మీద, బెంగళూరులో ఉన్న పని వదిలేసి అందరూ బస్సులెక్కి వచ్చారు. చిన్నరంగప్ప మేడ దగ్గర కావలివాడి పని కుదిరేలా ఉంటే అదీ కాదనుకుని వచ్చాడు.

"యాభై అంటివి కాబట్టి వచ్చినానన్నా" అన్నాడు. "నలభై అన్నా రాకపోదును."

మారెప్ప పోయి ముడి వేశాడు. గంగాధరప్ప పదికి ఒకటని ఒప్పుకున్నాడు, గురువారం దిగమన్నాడు.

మంగళవారం నాగక్క గంగాధరప్ప ఇంట్లో పశువులను కట్టే గాటిపాట అలకడానికి పోయింది. పైకప్పు బోదలో ఒక కట్టె దూర్చి ఉంటే, పేడ కలపడానికి పనికొస్తుందని లాగింది. కానుగ కట్టె. దానికి ఎండిపోయిన వేరుశనగ చెట్టు, ఎర్రంచు రుమాలు పీలిక, ముడి వేసింది వేసినట్టే ఉంది. ఆ రుమాలు తనే సంతలో కొనింది. కట్టె కొంగు కింద దాచుకుని ఇంటికొచ్చి మొగుడి ముందు పెట్టింది.

మారెప్ప ఆ ముడిని తిప్పి తిప్పి చూశాడు. ఎవరూ విప్పలేదు. ముడి విప్పడానికీ కాల్చడానికీ ధైర్యం చాలక, కట్టెతో సహా పీక్కుపోయి దాచాడు గంగాధరప్ప, తక్కువ కొలతకు వచ్చే గుంపును దించుకోవడానికి. అప్పుడు మూలలో చూసిన గుంత మారెప్పకు గుర్తొచ్చింది. బొమ్మన్న వేసిన ఒట్టు గుర్తొచ్చింది. లేచి గుద్దలి అందుకున్నాడు.

నాగక్క వాకిలికి అడ్డం నిలబడింది.

"యాడికి?"

"వాని చెయ్యి ఇరగ్గొట్టేదానికి."

"వాని చేతిలో యాభై దినాలు ఉండాయి. ఇరవై మంది నీ మాట మింద బస్సెక్కి వచ్చినారు. వాని చెయ్యి ఇరిగిందంటే రేపు పావగడ పెద్దాయన ఇంకో మనిషిని పెడతాడు, వాడు ఇంకో గుంపును తెస్తాడు. నీకేమప్పా, కోపం తీరుతాది. వాళ్ళకేం చెప్తావు?"

మారెప్ప గుద్దలి గోడకు ఆనించాడు. ఆ రాత్రి నిద్రపోలేదు. పొద్దున్నే ఏరు దాటి, ఐదు మైళ్ళు నడిచి బొమ్మన్న ఊరికి పోయాడు.

బొమ్మన్న ఇంటి ముందు గొర్రెలకు తుమ్మకాయలు వేస్తున్నాడు, ఎడమ చేత్తో. కుడి చెయ్యి మణికట్టు దగ్గర పక్కకు తిరిగిపోయి ఉంది. అతని పెండ్లాం ఓబక్క మారెప్పను చూడగానే గుర్తుపట్టింది. చేతికందిన రాయి విసిరింది. కనుబొమ్మ చీలింది. రెండో రాయి భుజానికి తగిలింది. మారెప్ప కదలకుండా నిలబడ్డాడు. మూడోది తీసుకుంటుంటే బొమ్మన్నే ఆపాడు.

"ఎందుకొచ్చినావు?"

మారెప్ప కట్టె చూపించి, ఉన్నదున్నట్టు చెప్పాడు. చెప్పి, వాకిట్లో ఉన్న రోలు మీద తన కుడి చెయ్యి పెట్టాడు.

"కొట్టు."

బొమ్మన్న ఆ చేతిని చూసి, మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"నీ చెయ్యి ఇరిగితే నాకేం వస్తాదప్పా? ఎముకలు కూరొండుకుంటానా? నాకు మేస్త్రి పని పాయె. చెట్టు పీకలేను, డబ్బా ఎత్తలేను. ఏరవతల నీకు పడిన వాన ఈడ పడలేదు. మా ఊళ్ళో ఇరవై మంది ఉండారు పనిలేక. నీకాడ ఎన్ని దినాల పని?"

"యాభై."

"సగం ఇయ్యి."

మారెప్ప ఆలోచించలేదు. "ఇస్తా. రేపు పొద్దున రండి" అన్నాడు. వచ్చే దారిలో ఏటి ఇసుకలో నడుస్తుంటే అప్పుడు తట్టింది, ఇచ్చింది తన సొత్తు కాదని. ఇరవై మంది నోటి దగ్గర కూడు అది. వాళ్ళనడిగితే ఒప్పుకోరు. అడగకపోతే ఊరుకోరు. ఇంటికొచ్చి ఎవరికీ చెప్పలేదు, పెండ్లానికి కూడా. చెబితే తన మనసు మారుతుందని భయపడ్డాడు.

గురువారం పొద్దున చేని గట్టు మీద ఒక పక్క మారెప్ప గుంపు, ఇంకొక పక్క దూరంగా బొమ్మన్న మనుషులు. గంగాధరప్ప బండి మీద, పక్కన డబ్బా. మారెప్ప మూలకు పోయి, పాత కట్టె తీసి అందరికీ కనిపించేలా ఎత్తిపట్టుకున్నాడు.

"ఇది మూడేండ్ల కింద నేను పాతిన కట్టె. ముడి అట్లే ఉండాది చూడండి. గంగాధరప్ప గాటిపాటలో దొరికింది. బొమ్మన్న విప్పలేదు. ఏ తప్పూ లేనోని చెయ్యి ఇరిసినాను నేను."

అందరూ బండి వైపు చూశారు. గంగాధరప్ప వక్క ఉమ్మేశాడు.

"ఎప్పటిదో పాత సంగతి ఇప్పుడెందుకు? పదికి ఒకటన్నాను, దిగండి. ఎండెక్కుతా ఉండాది."

ఎవరూ అతని మీదికి పోలేదు. చిన్నరంగప్ప ఒక అడుగు వేసి, ఆగి, వెనక ఉన్న పెండ్లాన్ని చూసుకున్నాడు.

"వాళ్ళు కూడా దిగుతారు" అన్నాడు మారెప్ప బొమ్మన్న మనుషులను చూపించి. "సగం సగం. నేను మాటిచ్చినా."

"సగమంటే ఇరవై ఐదు దినాలా?" చిన్నరంగప్ప అన్న ఎదురుగా వచ్చాడు. "నన్ను పని మాన్పించి పిలిపించింది ఇందుకా అన్నా? మమ్మల్ని ఒక మాట అడిగినావా?"

"అడగలేదు. అడిగితే మీరు ఒప్పుకోరు."

"మేం ఒప్పుకోం. ముడి మాది. వాళ్ళను దిగనియ్యం."

మారెప్ప వంగి, రెండు చేతులతో కొత్త ముడి విప్పాడు. పీలిక అవతలి గట్టు వైపు విసిరాడు. అది తన గుంపు కోసం విప్పింది కాదని అందరికీ తెలిసింది. నాగక్క "వద్దప్పా" అంది, అప్పటికే ఆలస్యమైంది.

మారెప్ప గట్టు రాయి దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, కుడి చెయ్యి దాని మీద పెట్టాడు. బొమ్మన్న చెయ్యి పెట్టిన రాయే అది. చిన్నరంగప్ప ఏడుస్తూ వచ్చాడు. ఏడుపుతో పాటు కసి కూడా ఉంది వాడికి, బెంగళూరులో మోసిన ప్రతి సిమెంటు తట్టా గుర్తొస్తోంది. గుద్దలి వెనకవైపు తిప్పాడు. మోచెయ్యి పట్టుకోవడానికి చెవిటి నారప్ప ముందుకొచ్చాడు, ఎవరూ పిలవకుండానే. ఒక్క దెబ్బకే విరిగింది. మారెప్ప అరిచిన అరుపుకు దూరంగా మేస్తున్న గొర్రెలు బెదిరి ఏటిలోకి పరిగెత్తాయి. చిన్నరంగప్ప రెండో దెబ్బ వేయలేదు. గుద్దలి పారేసి, అవతలి గట్టు వైపు తిరిగి "దిగండి" అన్నాడు.

నాగక్క కొంగు అంచు చించి మొగుడి చేతికి చుట్టింది. నలభై మందీ సాళ్ళ మొదట్లో నిలబడ్డారు.

గంగాధరప్ప బండి మీది నుంచి లెక్కపెట్టి చూశాడు.

"నలభై మంది ఉండారే. ఇంతమందుంటే పదికి ఒకటి గిట్టుబాటు కాదు. పద్నాలుగుకి ఒకటి. ఇష్టముంటే పీకండి, లేదంటే పోండి. రేపు ఇంకో ఊరోళ్ళు వస్తారు."

చిన్నరంగప్ప గుద్దలి ఇంకా గట్టు రాయి పక్కనే పడి ఉంది. దాని మీద అన్న నెత్తురు ఆరలేదు. పాత కట్టె, విప్పని ముడితో, అందరి ముందూ ఉంది. ముడి దొంగిలించిన చెయ్యి ఏదో నలభై మందికీ తెలుసు. ఆ చెయ్యి డబ్బా అంచు మీద తాపీగా ఆని ఉంది. ఇద్దరు ముగ్గురు గుద్దలి వైపు చూశారు, తర్వాత చేను వైపు చూశారు.

ముందుగా ఓబక్క వంగింది. తర్వాత చిన్నరంగప్ప పెండ్లాం. తర్వాత అందరూ వంగారు.

మారెప్ప గట్టు మీది నుంచి లేచి, ఎడమ చేత్తో ఒక చెట్టు పీకాడు. కాయలు ఒక్కొక్కటే పంటితో చిదిపి లోపల చూశాడు. ఇరవై ఆరు, అన్నీ నల్లబారినవే. పని తను చెప్పినంతే ఉంది. సాయంత్రం గంగాధరప్ప రెండు చేతులతో డబ్బా ఎత్తి, పద్నాలుగుకి ఒకటి చొప్పున కొలిచి పోశాడు, నాగక్క కొంగు పట్టింది.